పెద్దవాళ్ళ కొత్త రాక్ ఆల్బమ్‌లు: కడప మిద్దె మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకు రెండు ఆదివారాలు, ఎండ దిగాక, కడపలో మా మిద్దె మీద ఐదారుగురం కూర్చుని ఒక ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వింటాం. మధ్యలో ఎవరూ మాట్లాడరు. మేము ఎక్కువగా వినేది ప్రోగ్రెసివ్ రాక్, దాని పక్కనే ఉండే ఎక్స్‌పరిమెంటల్ రాక్. అందులోనూ యాభై ఏళ్ళకు పైగా వాయిస్తున్నవాళ్ళు ఇప్పుడు, ఈ నాలుగైదేళ్ళలో చేసిన కొత్త ఆల్బమ్‌లంటే మాకు ప్రాణం. కొత్తగా వచ్చినవాళ్ళు, పక్క మిద్దెల మీద పడుకుని విన్నవాళ్ళు, మా ఇళ్ళలోవాళ్ళు అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను. అన్నీ చదివే తీరిక లేకపోతే "మొదట ఏది వినాలి" అన్నది చదివి, వెంటనే వినడం మొదలుపెట్టండి.

అసలు ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటి?

1960ల చివర్లో ఇంగ్లండ్‌లో కొంతమంది కుర్రవాళ్ళకు మూడు నిమిషాల పాట ఇరుకనిపించింది. గిటార్, బేస్, డ్రమ్స్ ఉంచుకుని వాటి పక్కన ఫ్లూట్, వయొలిన్, ఆర్గన్, అప్పుడప్పుడే వస్తున్న సింథసైజర్ చేర్చారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కొంత, జాజ్‌లో కొంత, వాళ్ళ పల్లె పాటల్లో కొంత తీసుకున్నారు. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అనే వరస వదిలేసి, కథ నడిచినట్టు పాటను నడిపారు. 1969 అక్టోబరులో వచ్చిన కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ నుంచి చాలామంది లెక్క మొదలుపెడతారు. యెస్, జెనిసిస్, జెత్రో టల్, పింక్ ఫ్లాయిడ్ ఆ కాలం బృందాలే. 1972లో జెత్రో టల్ ఒక్క పాటనే ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) రెండు వైపులా పరిచింది. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఎక్స్‌పరిమెంటల్ వేరా?

గోడ కట్టి వేరు చేయలేం. ప్రోగ్రెసివ్‌లో పాట ఎంత దూరం తిరిగినా తిరిగొచ్చే దారి ఒకటి వినిపిస్తూ ఉంటుంది. ఎక్స్‌పరిమెంటల్‌లో ఆ హామీ ఉండదు, శబ్దం ఎటు పోతే అటు పోవాలి. జాన్ కేల్ ఇందుకు మంచి ఉదాహరణ. 1960ల్లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బృందంలో ఆయన వయోలాను మన తంబూరా శ్రుతిలా ఒకే స్వరం మీద నిలబెట్టి, దాని మీద రాక్ పాటను నడిపించాడు. 1942లో పుట్టిన మనిషి. 2023 జనవరిలో 'మెర్సీ', 2024 జూన్‌లో 'పాప్టికల్ ఇల్యూజన్' అని వరసగా రెండు ఆల్బమ్‌లు ఇచ్చాడు. రెండోది వచ్చేనాటికి ఆయనకు 82 ఏళ్ళు. ఆ రెండూ ఒకదానితో ఒకటి పోలిక లేకుండా ఉంటాయి. 'మెర్సీ' మంచు కమ్మిన రాత్రిలా మెల్లగా కదులుతుంది. రెండోదానిలో కోపం ఉంది, చురుకు ఉంది.

అన్నా, వాళ్ళు కుర్రతనంలో చేసినవే గొప్పవి కదా. ఈ వయసులో చేసేవి ఎందుకు వినాలి?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ ఆల్బమ్ 'లక్ అండ్ స్ట్రేంజ్' 2024 సెప్టెంబరులో వచ్చింది. అంతకుముందు ఆయన ఆల్బమ్ 2015లోది. మొదటిసారి విన్నప్పుడు ప్రతి గిటార్ సోలోనూ 1970ల పింక్ ఫ్లాయిడ్ పక్కన పెట్టి తూకం వేస్తూ కూర్చున్నాను. పాట అయిపోయింది, నాకు ఏమీ గుర్తు లేదు. రెండోసారి విన్నప్పుడు ఆల్బమ్ పేరు పెట్టుకున్న పాట దగ్గర ఆగిపోయాను. అందులో కీబోర్డు వాయించింది పింక్ ఫ్లాయిడ్‌లో ఆయన తోటివాడు రిచర్డ్ రైట్. రైట్ 2008లో చనిపోయాడు. 2007లో గిల్మోర్ ఇంటి దగ్గర ఉన్న కొట్టంలో నలుగురు కూర్చుని ఊరికే వాయించుకున్నప్పుడు రికార్డయిన ముక్క అది. ఇన్నేళ్ళ తర్వాత, 78 ఏళ్ళ వయసులో, పోయిన స్నేహితుడి వేళ్ళ చుట్టూ గిల్మోర్ కొత్త పాట అల్లాడు. అదే ఆల్బమ్‌లో ఆయన కూతురు రోమనీ ఒక పాట పాడి, హార్ప్ వాయించింది. పాతికేళ్ళ వయసులో గిల్మోర్ దగ్గర ఎంత ప్రతిభ ఉన్నా ఈ ఆల్బమ్ చేయగలిగేవాడు కాదు. దీనికి కావలసినవి అప్పటికింకా ఆయన జీవితంలోకి రాలేదు.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చెక్కభజన నేర్పే పెద్దాయన ఒకరు ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు గంతులు, గిరికీలు చూసి జనం నోరు తెరిచేవారట. నేను చూసేనాటికి అరవై దాటాయి, గంతులు తగ్గిపోయాయి. కానీ చెక్కలు ఎక్కడ మోగించాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసేది కాదు. ఆయన ఊరుకున్న చోట మన గుండె కొట్టుకోవడం మనకు వినిపించేది. ఈ పెద్దవాళ్ళ కొత్త ఆల్బమ్‌లలో నేను వెతికేది ఆ ఊరుకోవడమే.

మొదట ఏది వినాలి?

పీటర్ గాబ్రియెల్ 'ఐ/ఓ'. ఇందులో నాకు సందేహమే లేదు.

గాబ్రియెల్ 1975 దాకా జెనిసిస్ గాయకుడు. తర్వాత సొంతంగా పాడాడు. 2002లో 'అప్' వచ్చాక తన కొత్త పాటలతో ఆల్బమ్ చేయడానికి 21 ఏళ్ళు తీసుకున్నాడు. 2023 డిసెంబరు 1న 'ఐ/ఓ' పూర్తిగా బయటికి వచ్చింది. కానీ అంతకుముందే పాటలన్నీ విన్నాం, ఎందుకంటే ఆ ఏడాది జనవరి నుంచి ప్రతి పౌర్ణమికి ఒక పాట చొప్పున విడుదల చేశాడు. మొత్తం పన్నెండు పాటలు. అమావాస్యకు అదే పాట ఇంకో మిక్స్‌లో, అంటే గొంతు, వాద్యాల పాళ్ళు మార్చి కలిపిన రూపంలో, వచ్చేది.

ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం మీతో చెప్పుకోవాలి. తిథి చూసుకుని పాట కోసం ఎదురుచూడడం మనకు కొత్తా? ఆ ఏడాది మా గోడ క్యాలెండర్‌లో పౌర్ణములన్నిటికీ పెన్నుతో సున్నా చుట్టాను. జులై 3 గురు పౌర్ణమి నాడు 'సో మచ్' వచ్చింది. నవంబరు 27న, మనకు కార్తీక పౌర్ణమి వేళ, చివరి పాట 'లివ్ అండ్ లెట్ లివ్' వచ్చింది. ఒకేసారి పన్నెండు పాటలు మీద పడి ఉంటే రెండు మూడు విని మిగతావి వదిలేసేవాణ్ణేమో. నెలకొకటి రావడం వల్ల ఒక్కో పాటా మాతో నెల రోజులు కాపురం చేసింది.

ఆల్బమ్‌లో మూడు మిక్స్‌లున్నాయి. బ్రైట్ సైడ్ మిక్స్ స్పైక్ స్టెంట్ చేశాడు, డార్క్ సైడ్ మిక్స్ చాడ్ బ్లేక్ చేశాడు, మూడోది డాల్బీ అట్మాస్ కోసం, అంటే శబ్దం చుట్టూ నుంచి వినిపించే పద్ధతి కోసం చేసింది. ఒకే పాట ఇద్దరి చేతుల్లో పడితే ఏమవుతుందో పక్కపక్కనే వినవచ్చు. బ్లేక్ మిక్స్‌లో బేస్, డ్రమ్స్ దగ్గరగా, కాస్త గరుగ్గా వినిపిస్తాయి. స్టెంట్ దాంట్లో గాలి, వెలుతురు ఎక్కువ. నా ఓటు డార్క్ సైడ్‌కి. మా వాళ్ళలో ఇద్దరు ఇందుకు ఒప్పుకోరు.

తాళం వేద్దామంటే కుదరడం లేదు. లోపం నాదా?

లోపం ఎవరిదీ కాదు. మన చెవి సినిమా పాటల నాలుగు లెక్కకు అలవాటు పడింది. వీళ్ళు ఐదు, ఏడు, ఒక్కోసారి తొమ్మిది, పదకొండు వేస్తారు. భయపడాల్సిన పని లేదు, ఐదు లెక్క మన ఖండచాపు, ఏడు లెక్క మన మిశ్రచాపు. "తకిట తకధిమి, తకిట తకధిమి" అని చేత్తో తొడ మీద వేస్తూ గాబ్రియెల్ 1977 నాటి 'సోల్స్‌బరీ హిల్' పెట్టుకోండి. ఏడు ఎక్కడ పూర్తయి మళ్ళీ ఎక్కడ మొదలవుతుందో రెండు నిమిషాల్లో చేతికి తెలిసిపోతుంది. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' కూడా ఎక్కువ భాగం ఏడే. జెత్రో టల్ 1969లో పాడిన 'లివింగ్ ఇన్ ది పాస్ట్' ఐదు.

మా దగ్గరికి వచ్చే ఒక ఇంటర్ పిల్లవాడికి ఇది ఎంత చెప్పినా అందలేదు. ఒకరోజు సాయంత్రం ఏడు రోడ్ల కూడలిలో నిలబెట్టి, ఒక్కో రోడ్డు వైపు చెయ్యి చూపిస్తూ లెక్క చెప్పించాను. ఏడో రోడ్డు తర్వాత మళ్ళీ మొదటి రోడ్డు, మధ్యలో ఎనిమిది అనేది లేదు. ఇప్పుడు ఆ అబ్బాయి నాకంటే ముందే లెక్క పట్టేస్తాడు.

ఒక మాట. లెక్క తెలిశాక దాన్ని మర్చిపోవాలి. వేళ్ళ మీద లెక్కపెడుతూ వింటే పాట దాటిపోతుంది.

ఇరవై నిమిషాల పాటా? అంత ఓపిక ఎవరికుంది?

కడపవాళ్ళు ఈ మాట అంటే నేను ఒప్పుకోను. పెద్ద దర్గా ఉరుసులో కవ్వాలీ వింటూ ఒకే పాట దగ్గర ఎంతసేపు కూర్చున్నామో ఎప్పుడైనా గడియారం చూశామా? భజనలకు తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. కవ్వాలీలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. పొడుగు రాక్ పాటలు పనిచేసేదీ చాలావరకు అలాగే. మొదట్లో పియానో మీద వినిపించిన చిన్న వరస పదిహేనో నిమిషంలో బృందమంతా కలిసి వాయిస్తుంటే తిరిగొస్తుంది, అది మనల్ని కదిలించేది ఆ మధ్యలోని ప్రయాణం చేశాం కాబట్టే. మధ్యది ఎగరగొట్టి నేరుగా అక్కడికి పోతే ఏమీ ఉండదు.

సాధన కోసం స్టీవెన్ విల్సన్ 'ది ఓవర్‌వ్యూ' తీసుకోండి. 2025 మార్చిలో వచ్చింది. మొత్తం ఆల్బమ్‌లో రెండే పాటలు, ఒకటి 23 నిమిషాలు, ఇంకొకటి 18. అంతరిక్షం నుంచి భూమిని చూసినవాళ్ళకు మనసులో కలిగే మార్పు గురించి ఆ ఆల్బమ్. విల్సన్ 1967లో పుట్టాడు, మనం మాట్లాడుకునేవాళ్ళలో చిన్నవాడే. కానీ కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ పాత ఆల్బమ్‌ల టేపులు తీసి మళ్ళీ మిక్స్ చేసింది ఈయనే. ఆ పెద్దలు పాటను ఎలా కట్టారో ఇటుక ఇటుక తీసి చూసిన మనిషి. అదంతా ఈ ఆల్బమ్‌లో తెలుస్తుంది. మిద్దె మీద వెల్లకిలా పడుకుని, కరెంటు పోయిన రాత్రి చుక్కలు చూస్తూ వినండి.

గొంతులు పోయాయి కదా?

కొన్ని మారాయి, కొన్ని సన్నబడ్డాయి. జెత్రో టల్ ఇయాన్ ఆండర్సన్ ఇప్పుడు పాత ఎత్తులకు పోడు. తన గొంతు ఎంతవరకు అందుతుందో అంతలోనే పాట కట్టుకుంటాడు, పైకి పోవాల్సిన చోట ఫ్లూట్ అందుకుంటాడు. 2022, 2023, 2025లో మూడు ఆల్బమ్‌లు చేశాడు. 2025 మార్చిలో వచ్చిన 'క్యూరియస్ రూమినెంట్' నాటికి ఆయనకు 77. ఆ ఆల్బమ్‌లో ఫ్లూట్ ఊపిరి శబ్దంతో సహా వినిపిస్తుంది, నాకు అది చాలా ఇష్టం.

యెస్ పాత గాయకుడు జాన్ ఆండర్సన్ సంగతి వేరు. ఆయన గొంతుకు వయసు ఎలా దొరకలేదో నాకు అర్థం కాదు. యెస్ పాటలు వాయించి నెట్‌లో పెట్టే అమెరికా బృందం బ్యాండ్ గీక్స్‌తో కలిసి 2024 ఆగస్టులో 'ట్రూ' చేశాడు. ఎనభైకి రెండు నెలలు తక్కువ. అందులో పదహారు నిమిషాల పాట ఒకటి ఉంది, కళ్ళు మూసుకుని వింటే 1970లలో ఉన్నట్టే ఉంటుంది.

సభ్యులంతా మారిపోయాక అది అదే బృందమా?

ఈ ప్రశ్న మీద మా మిద్దె మీద గొంతులు పెరిగిన రోజులున్నాయి. యెస్‌లో ఇప్పుడు మొదటి రోజు నుంచి ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. మొదటి నుంచి బేస్ వాయించిన క్రిస్ స్క్వయర్ 2015లో, తర్వాత చేరిన డ్రమ్మర్ అలన్ వైట్ 2022లో పోయారు. 1970లో చేరిన స్టీవ్ హౌ గిటార్‌తో పాటు బాధ్యత కూడా మోస్తున్నాడు. దేవుని కడప రథం లాగేవాళ్ళు తరం మారినా రథం అదే అనేది నా అభిప్రాయం. రథాన్ని సరిగ్గా లాగుతున్నారా అన్నదే అడగాలి. 2021 నాటి 'ది క్వెస్ట్' నాకు చప్పగా అనిపించింది, నిజం చెప్పాలి. 2023 నాటి 'మిర్రర్ టు ది స్కై'లో మళ్ళీ జీవం వచ్చింది. వెళ్ళిపోయిన మనిషి తిరిగొస్తే ఏమవుతుందో వినాలంటే డ్రీమ్ థియేటర్ అనే బృందం 2025 ఫిబ్రవరి ఆల్బమ్ 'పారసోమ్నియా' ఉంది. డ్రమ్స్ వాయించే మైక్ పోర్ట్‌నాయ్ 2010లో విడిపోయి 2023లో తిరిగొచ్చాక చేసిన మొదటి ఆల్బమ్. గట్టిగా ఉంటుంది, మొదటిసారే దీనితో మొదలుపెట్టకండి.

ఇంగ్లీష్ పాటలు అర్థం కావు. ఏం చేయాలి?

మొదటి రెండుసార్లు మాటలు పట్టించుకోకండి. మూడోసారి మాటల పేజీ తెరిచి పెట్టుకుని వినండి. ఫ్రాన్స్‌లో మాగ్మా అనే బృందం ఉంది. 1969 నుంచి దాన్ని నడిపిస్తున్న క్రిస్టియన్ వాండర్ తన పాటల కోసం కొబాయన్ అని ఒక భాషనే కల్పించుకున్నాడు. 2022లో కూడా 'కార్టెల్' అని కొత్త ఆల్బమ్ చేశారు. ఆ భాష ఈ భూమ్మీద ఎవరి అమ్మభాషా కాదు. వాళ్ళ ఆల్బమ్ దగ్గర ఇంగ్లీష్ వచ్చినవాళ్ళు, రానివాళ్ళు అందరం సమానమే.

ఇందులో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు, లోతుగా ఉన్నారు. గాబ్రియెల్ 1989 నాటి 'ప్యాషన్' ఆల్బమ్‌లో ఎల్. శంకర్ వయొలిన్ ఉంది, పక్కనున్న పాకిస్తాన్ కవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు కూడా ఉంది. కవ్వాలీ తెలిసినవాళ్ళు గాబ్రియెల్ దగ్గరికి పోవడానికి ఆ ఆల్బమ్ దగ్గరి దారి.

ఇంకొకటి శక్తి బృందం. రాక్ అనడానికి లేదు, కానీ 1970లలో మహావిష్ణు ఆర్కెస్ట్రాతో రాక్, జాజ్ కలిపి ఉరికించిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పెట్టిందే ఇది. తర్వాతి రోజుల్లో 'రిమెంబర్ శక్తి' పేరుతో తిరిగి మొదలైనప్పుడు మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అందులో వాయించాడు. 45 ఏళ్ళు దాటిన విరామం తర్వాత శక్తి కొత్త స్టూడియో ఆల్బమ్ 'దిస్ మొమెంట్' 2023లో వచ్చింది. మెక్‌లాఫ్లిన్‌కు అప్పుడు 81. 2024 ఫిబ్రవరిలో ఆ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 15న, శక్తిలో తబలా వాయించిన జాకిర్ హుస్సేన్ వెళ్ళిపోయారు. ఆ వారం మేము వేరే ఏదీ వినలేదు.

అందరూ మగవాళ్ళేనా?

ఆల్బమ్ కవర్లు చూస్తే అలాగే అనిపిస్తుంది, ఆ లోటు నిజమే. అందుకే అమెరికా ఎక్స్‌పరిమెంటల్ కళాకారిణి లారీ ఆండర్సన్ పేరు గట్టిగా చెప్తాను. 1947లో పుట్టిన ఈమె 2024 ఆగస్టులో 'అమీలియా' చేసింది. 1937లో విమానంలో ప్రపంచం చుట్టి రావాలని బయలుదేరి పసిఫిక్ మీద కనిపించకుండా పోయిన అమీలియా ఇయర్‌హార్ట్ చివరి ప్రయాణం కథ. 22 చిన్న చిన్న ముక్కలు. సగం మాట, సగం పాట, కింద విమానం ఇంజన్‌లా ఆర్కెస్ట్రా. ఆ ప్రయాణంలో అమీలియా కరాచీలో, కలకత్తాలో దిగింది. మన ఆకాశం దాకా వచ్చిన మనిషి అనుకుంటూ వింటే ఇంకా దగ్గరవుతుంది. మన హరికథ ఎరిగినవాళ్ళకు, మాటలోంచి పాటలోకి జారి మళ్ళీ మాటలోకి వచ్చే ఈ పద్ధతి వింతగా తోచదు.

ఎక్కడ దొరుకుతాయి? ఎల్పీ కొనాలా?

నేను చెప్పినవి ఎక్కువ భాగం ఫోన్‌లో పాటల యాప్‌లలోనే దొరుకుతాయి. కొనక్కర్లేదు. కానీ ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, బేస్ మొత్తం పోతుంది, బేస్ పోతే ఈ సంగీతంలో సగం పోయినట్టే. మామూలు వైరున్న ఇయర్‌ఫోన్స్ చాలు.

ఎల్పీల మోజు ఉంటే ఎండాకాలం ఆర్డర్ పెట్టకండి. ఒక ఏడాది మే నెలలో జెనిసిస్ పాత గిటారిస్టు స్టీవ్ హాకెట్ 2024 ఆల్బమ్ 'ది సర్కస్ అండ్ ది నైట్‌వేల్' ఆన్‌లైన్‌లో తెప్పించాను. మేము ఇంట్లో లేనప్పుడు తెచ్చినవాళ్ళు దాన్ని వరండాలో కడప బండల మీద పెట్టి పోయారు. మధ్యాహ్నం అంతా అక్కడే ఉంది. విప్పి చూస్తే అప్పడంలా వంగిపోయింది. అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోలేదు. చాలా బాధపడ్డాను, ఎందుకంటే అది హాకెట్ తన బతుకు కథనే కల్పనగా మార్చి చెప్పుకున్న ఆల్బమ్, నాకు ఎంతో ఇష్టమైనది.

ఇంట్లోవాళ్ళు గోల అంటారు. ఎలా?

మెత్తటి పాటలతో మొదలుపెట్టండి. 2023 అక్టోబరు 28న 'ఐ/ఓ'లో 'అండ్ స్టిల్' వచ్చింది. ఆ రాత్రి చంద్రగ్రహణం. విడుపు స్నానం చేయాలని మా అమ్మ నిద్రపోకుండా కూర్చుంది, నేనూ తోడు కూర్చుని పాట పెట్టాను. కాసేపయ్యాక "ఏమంటున్నాడు?" అని అడిగింది. పోయిన వాళ్ళమ్మ గురించి పాడుతున్నాడని చెప్పాను. "ఆ అబ్బాయికి ఎన్నేళ్ళు?" అంది. డెబ్బై మూడన్నాను. ఏమీ అనలేదు. పాట అయిపోయాక ఇంకోసారి పెట్టమంది.

మీ మిద్దె మీదికి మేము రావచ్చా?

కడపలో మమ్మల్ని ఎరిగిన ఎవరితోనైనా కలిసి రండి. ఫోన్లు మెట్ల దగ్గరే ఆపేయాలి. చాప, నీళ్ళ సీసా మీరే తెచ్చుకోండి. పాట నడుస్తుండగా లేచి పోవాలనిపిస్తే పోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చే ఆదివారం 'అమీలియా' వింటున్నాం.